ఎనిమోన్ తెల్లబడుతోందా? ముందు మీ నీళ్ళు చెక్ చేయండి | ధారూర్ నుంచి రీఫ్ ట్యాంక్ ముచ్చట్లు

ధారూర్ నుంచి మాట్లాడుతున్నా. ధారూర్ ఎక్కడో తెలియని వాళ్ళకు ఒక్క మాట. వికారాబాద్ నుంచి తాండూర్ పోయే రైలు దారిలో వస్తది. కోట్‌పల్లి ప్రాజెక్ట్‌లో కయాకింగ్ రీల్స్ చూసే ఉంటారు కదా, ఆ పక్కనే. మా దగ్గరి నుంచి ఎటు పోయినా సముద్రం మూడొందల కిలోమీటర్ల పైమాటే. ఇట్లాంటి చోట ఇంట్లో ఉప్పునీళ్ళ ట్యాంక్ పెట్టుకుంటే, అందులో ఎనిమోన్‌కి బాగలేకపోతే ఏం చేయాలి అనేది ఇవాళ్టి ఎపిసోడ్.

ఈ ఎపిసోడ్ చేయడానికి కారణం ఒక మెసేజ్. తాండూర్ తమ్ముడు ఒకతను పంపించాడు. డిగ్రీ సెకండ్ ఇయర్. 120 లీటర్ల ట్యాంక్, పెట్టి మూడు నెలలు. అందులో రెండు క్లౌన్ చేపలు, అంటే మన నీమోలు. హైదరాబాద్ పోయి ఒక బబుల్ టిప్ ఎనిమోన్ తెచ్చుకున్నాడు. మొదటి రోజు ఫొటోలో అది గోధుమ రంగులో, కొసలు బుడగల్లా ఉబ్బి, మస్తుగా ఉంది. పన్నెండో రోజు ఫొటోలో అదే ఎనిమోన్ తెల్లగా, ముడుచుకొని, నోరు తెరుచుకొని ఒక మూలకు పడి ఉంది. కింద రాశాడు: "అన్నా, నాలుగు నెలలు పార్ట్‌టైమ్ డెలివరీ చేసి కొన్నా. ఇంట్లో వాళ్ళు తీసి పారేయమంటున్నారు. ఏ మందు వేయాలి?"

నేను పెట్టిన రిప్లై: తమ్ముడూ, ఏ మందూ వేయకు. ముందు నువ్వు ట్యాంక్‌లో పోసే నీళ్ళు ఎక్కడివో చెప్పు.

ఆ ప్రశ్న ఎందుకు అడిగానో తెలియాలంటే అసలు ఎనిమోన్ అంటే ఏందో రెండు నిమిషాలు చెప్పుకోవాలి. చూడడానికి పువ్వు లాగా ఉంటది, కానీ జంతువు. జెల్లీఫిష్‌లకు, పగడాలకు చుట్టం. బైపీసీ వాళ్ళు సీలెంటరేటా అని చదివే ఉంటారు. నేను ఎంపీసీ, తర్వాత బీటెక్, కాబట్టి ఇదంతా ట్యాంక్ పెట్టినంక నేర్చుకున్నదే. దానికి ఎముక లేదు, గుండె లేదు, మెదడు లేదు. ఒక్కటే నోరు. తిన్నది అందులోంచే లోపలికి పోతది, వ్యర్థం కూడా అందులోంచే బయటికి వస్తది. ఒళ్ళంతా దాదాపు నీళ్ళే. చుట్టూ ఉన్న నీళ్ళకు, దాని లోపలి నీళ్ళకు మధ్య ఉండేది పల్చటి కణజాలం. చేపకైతే కిడ్నీలు ఉంటాయి, పొలుసులు ఉంటాయి, కొంత తట్టుకుంటది. ఎనిమోన్‌కి ఆ సౌకర్యం లేదు. మీ నీళ్ళలో ఏముందో అదే దాని ఒంట్లో కూడా ఉంటది.

రెండో సంగతి రంగు. బబుల్ టిప్ లాంటి ఎనిమోన్‌ల కణాల్లో కంటికి కనపడనంత చిన్న ఆల్గే ఉంటాయి. వాటి పేరు జూజాంథెల్లే. ఇవి వెలుతురుతో తిండి తయారు చేసి ఎనిమోన్‌కి పెడతాయి, ఎనిమోన్ వాటికి ఇల్లు ఇస్తది. ఆ గోధుమ రంగు చాలావరకు ఈ కిరాయిదార్లదే. ఎండ దెబ్బ, నీళ్ళలో విషం, ఉప్పు ఒక్కసారిగా మారడం, చీకటి, లేదంటే అలవాటు లేని మరీ ఎక్కువ లైటు, వీటిలో ఏది తగిలినా ఎనిమోన్ ఆ ఆల్గేను బయటికి పంపేస్తది. దాన్నే బ్లీచింగ్ అంటారు. సముద్రంలో పగడాలు తెల్లబడుతున్నాయని వార్తల్లో చూస్తున్నాం చూడండి, సేమ్ అదే. అంటే తెల్లబడ్డ ఎనిమోన్ చచ్చిపోయినట్టు కాదు. వంటగది మూతపడ్డ ఇల్లు అన్నట్టు. కొన్ని వారాలు బతుకుతది, ఆ లోపల మళ్ళీ పొయ్యి వెలగాలి.

ఇక్కడొక మాట చెప్పకపోతే తప్పు. కొన్ని షాపుల్లో తళతళ తెల్లగా ఉన్న ఎనిమోన్‌ని "ఇది వైట్ వెరైటీ, రేర్" అని ఎక్కువ రేటుకు అమ్ముతారు. అది రేర్ కాదు, బ్లీచ్ అయిపోయింది. నిమ్మకాయ పసుపులో, ముదురు ఊదాలో ఒళ్ళంతా ఒకే రంగుతో ఉన్నవి కొన్నిసార్లు డై చేసినవి ఉంటాయి. బట్టలకు అద్దినట్టు బతికున్న జంతువుకి రంగు అద్దుతారు. రంగు కొన్నాళ్ళకు దిగిపోతది, కింద తెల్లటి ఆకలి మిగులుతది. నేనైతే అట్లాంటి షాప్‌లో వేరే ఏమీ కూడా కొనను.

సరే, మన తమ్ముడి ట్యాంక్‌కి వద్దాం. నాలుగైదు నంబర్లు అడిగాను. టెంపరేచర్ 29 డిగ్రీలు. కొంచెం ఎక్కువే, 25, 26 దగ్గర ఉంటే బాగుంటది, కానీ ఇది ఒక్కటే పన్నెండు రోజుల్లో ఇట్లా చేయదు. అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా. ఉప్పు 35 పీపీటీ అన్నాడు. కరెక్ట్. లైట్ కూడా పర్వాలేదు. క్లౌన్ చేపలు రెండూ చలాకీగా తిరుగుతున్నాయి. అంటే చేపలకు బాగుంది, ఎనిమోన్‌కి బాగలేదు. ఇట్లాంటి ఎర్రర్ కనపడినప్పుడు నాకు మొదట అనుమానం వచ్చేది ఒక్కదాని మీదే. రాగి.

నీళ్ళు ఎక్కడివి అని మళ్ళీ అడిగితే, "ఆర్‌ఓ వాటరే అన్నా, ఇంట్లో కొత్త ఫిల్టర్ పెట్టించినం" అన్నాడు. ఫిల్టర్ ఫొటో పంపమన్నా. పంపించాడు. దాని మీద పెద్ద అక్షరాలతో కాపర్ అని రాసి ఉంది.

ఇప్పుడు చాలా ఇళ్ళల్లో ఇదే నడుస్తోంది కదా. రాగి చెంబులో నీళ్ళు తాగితే మంచిదని పెద్దవాళ్ళు చెప్తారు కాబట్టి, ఆర్‌ఓ చేసిన నీళ్ళలో చివర్లో కొంచెం రాగి కలిపే మెషిన్లు అమ్ముతున్నారు. మనం తాగడానికి ఏం ప్రాబ్లం లేదు. కానీ వెన్నెముక లేని సముద్ర జీవులకు, అంటే ఎనిమోన్, పగడం, రొయ్య, నత్త, వీటికి రాగి చాలా కొద్ది మోతాదులో కూడా విషమే. చేపలకు తెల్ల మచ్చల జబ్బు వస్తే రాగి మందే వేస్తారు. అది చేపను బతకనిచ్చి ఆ జబ్బు తెచ్చే పరాన్నజీవిని చంపుతది. అదే మందు ఎనిమోన్ ఉన్న ట్యాంక్‌లో పడితే ఎనిమోన్‌ని చంపుతది. అందుకే ఇంట్లో చేప మందు సీసా ఏది ఉన్నా లేబుల్ చదవండి. కాపర్ సల్ఫేట్ అని గానీ, కాపర్ అని ఎట్లా రాసి ఉన్నా గానీ, ఆ సీసా ఎనిమోన్ ట్యాంక్ దరిదాపుల్లో ఉండొద్దు. ఎవరైనా పాత ట్యాంక్ సస్తాగా ఇస్తామంటే, అందులో ఎప్పుడైనా రాగి మందు వాడారా అని అడగండి. రాళ్ళు దాన్ని పీల్చుకొని మెల్లగా వదులుతూ ఉంటాయి.

ఇంట్లో రాగి వచ్చే దారులు ఇంకా ఉన్నాయి. ఇత్తడి నల్లా, రాగి బిందె, ఇత్తడి బకెట్. నీళ్ళు కలిపే బకెట్ ప్లాస్టిక్‌ది, కొత్తది, వేరేగా పెట్టుకోండి. అందులో బట్టల సబ్బు కూడా ఎప్పుడూ పడకూడదు. మా ఇంట్లో ఆ బకెట్‌కి ఎర్ర టేప్ చుట్టి ఉంటది. "బిడ్డకు కూడా ఇంత మడి కట్టుకోలేదు" అంటది మా అమ్మ.

ఇక రెండోది టీడీఎస్. మన వైపు బోరు నీళ్ళ సంగతి మీకు చెప్పాల్సిన పని లేదు. తాండూర్ అంటేనే బండలు. మీ ఇంటి ఫ్లోరింగ్‌కి వేసిన ఆ నాపరాయి సున్నపురాయి జాతిదే. ఆ నేలలోంచి వచ్చిన నీళ్ళు గీజర్‌కి, నల్లాకి తెల్లగా పేరుకుంటాయి. టీడీఎస్ మీటర్ పెడితే 500, 800, కొన్ని బోర్లలో వెయ్యి కూడా చూపిస్తది. ఇంటి ఆర్‌ఓ బాగా పనిచేస్తే అందులో తొంభై శాతానికి పైగా తీసేస్తది. అంటే 800 ఉంటే 80 లోపు వస్తది. కానీ తాగే నీళ్ళ మెషిన్లలో రుచి కోసం ఒక చిన్న వాల్వ్ ఉంటది. అది కొంత నీళ్ళను ఆర్‌ఓ దాటించి మళ్ళీ కలుపుతది. దానివల్ల మీటర్ 120, 150 చూపిస్తది. పైనుంచి మినరల్ కాట్రిడ్జ్ ఒకటి. తాగడానికి అవి ఉండాలి, ట్యాంక్‌కి ఉండకూడదు.

మరి ఏం చేయాలి? మెంబ్రేన్ దాటిన వెంటనే, వాల్వ్ కంటే ముందు, కాపర్, మినరల్ కాట్రిడ్జ్‌ల కంటే ముందు ఒక టీ జాయింట్ వేయించి వేరే పైపు తీసుకోవాలి. ఫిల్టర్ సర్వీస్‌కి వచ్చే అన్నకు చెప్తే పది నిమిషాల పని. ఆ పైపు చివర డీఐ రెజిన్ కాట్రిడ్జ్ పెట్టాలి. అప్పుడు మీటర్ సున్నా చూపిస్తది. సున్నా వచ్చిన నీళ్ళలోనే రీఫ్ సాల్ట్ కలపాలి. ఒక్కటి గుర్తు పెట్టుకోండి: టీడీఎస్ మీటర్ నీళ్ళలో ఎంత కరిగి ఉందో చెప్తది, ఏం కరిగి ఉందో చెప్పదు. 30 అని చూపిస్తే ఆ 30లో సున్నం ఎంతో, రాగి ఎంతో దానికి తెలియదు. అందుకే సున్నా కావాలంటున్నా.

సాల్ట్ గురించి కూడా రోజూ అడుగుతారు, కల్లు ఉప్పు వేయొచ్చా అని. వేయకండి. సముద్రపు నీళ్ళంటే ఉప్పు కలిపిన నీళ్ళు అనుకుంటాం గానీ, అందులో మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం, బైకార్బనేట్ అన్నీ ఒక లెక్కలో ఉంటాయి. కల్లు ఉప్పు తయారీలో ఆ లెక్క పోతది. రీఫ్ ట్యాంక్ కోసం అమ్మే సాల్ట్ మిక్స్ లీటరుకు సుమారు 35 నుంచి 38 గ్రాములు పడతది. బ్రాండ్‌ని బట్టి ప్యాకెట్ మీద ఉంటది. చిన్న పంపు వేసి ఒక రాత్రంతా కలవనివ్వాలి. అప్పటికప్పుడు కలిపి పోసేయకండి.

ఇంకో విషయం ఎండాకాలంలో చాలామందికి అర్థం కాదు. ట్యాంక్‌లోంచి ఆవిరయ్యేది నీళ్ళు మాత్రమే, ఉప్పు లోపలే ఉంటది. మన దగ్గర గాలి పొడిగా ఉంటది కాబట్టి ఆవిరి ఎక్కువ. లెక్క చూడండి. 120 లీటర్ల ట్యాంక్‌లో రోజుకు రెండు లీటర్లు పోయిందనుకోండి, వారంలో 14 లీటర్లు. 35 ఉన్న ఉప్పు 39 దాటిపోతది. ఆదివారం తీరిక దొరికింది కదా అని ఒక్కసారే పద్నాలుగు లీటర్లు పోస్తే, పది నిమిషాల్లో మళ్ళీ 35కి పడిపోతది. చేప ఎట్లనో తట్టుకుంటది. ఎనిమోన్‌కి మాత్రం రెండు వైపులా దెబ్బే. అందుకే రోజూ పొద్దున గ్లాసు మీద మార్కర్‌తో గీసిన గీత దాకా ఉప్పు లేని సున్నా టీడీఎస్ నీళ్ళు పోయాలి. ఉప్పు నీళ్ళు కాదు, మంచి నీళ్ళు. ఆటో టాప్ ఆఫ్ ఉంటే ఇంకా నయం.

వేడి సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. ఏప్రిల్, మేలో మన దగ్గర 40 దాటుతది. చిల్లర్ కొనే స్తోమత అందరికీ ఉండదు. కానీ ఆ పొడి గాలే ఇక్కడ మనకు పనికొస్తది. ట్యాంక్ మూత తీసి నీళ్ళ మీద అడ్డంగా చిన్న ఫ్యాన్ పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతది. కుండలో నీళ్ళు చల్లబడే లెక్కనే. వైజాగ్ లాంటి ఉక్కపోత ఊళ్ళో ఇది అంతగా పనిచేయదు, మనకు పనిచేస్తది. ఆవిరి మాత్రం పెరుగుతది, కాబట్టి గీత దాకా నీళ్ళు పోసుడు మర్చిపోవద్దు. ఐస్ ముక్కలు డైరెక్టుగా వేయకండి. బాటిల్‌లో గడ్డ కట్టించి, మూత గట్టిగా పెట్టి తేలేయొచ్చు, అది కూడా అత్యవసరం అయితేనే.

కరెంట్ పోతే? పంపు ఆగిన ట్యాంక్‌లో ఆక్సిజన్ తగ్గుతది, ఎండాకాలంలో ఇంకా తొందరగా తగ్గుతది. ఇన్వర్టర్ లైన్ మీద లైట్, హీటర్ పెట్టకండి, ఒక్క వేవ్ పంపు పెట్టండి చాలు. ఇన్వర్టర్ లేకపోతే యూఎస్‌బీతో నడిచే ఎయిర్ పంపులు దొరుకుతాయి, మీ ఫోన్ పవర్ బ్యాంక్‌తో గంటలు గంటలు నడుస్తాయి. ట్యాంక్ కొనేటప్పుడు నీమో కంటే ముందు ఇది కొనాలి.

ఇప్పుడు తమ్ముడికి ఏం చేయమన్నానో వరుసగా చెప్తా. సాఫ్ట్‌వేర్‌లో మనం బగ్ వస్తే ఏం చేస్తాం? ఐదు ఫైళ్ళు ఒకేసారి మార్చం. ఒకటి మార్చి, రన్ చేసి, లాగ్ చూస్తాం. ఎనిమోన్‌కి కూడా అంతే, కాకపోతే ఒక్కో రన్‌కి నాలుగైదు రోజులు పడతది. ఆ ఓపిక లేక ఒకే సాయంత్రం లైట్ మార్చి, చోటు మార్చి, అయోడిన్ వేసి, విటమిన్ వేసి, బలవంతంగా రొయ్య తినిపిస్తారు. పొద్దున్నే చచ్చిపోతది, ఏది చంపిందో కూడా తెలియదు.

మొదటి పని, ఆ కాపర్ ఫిల్టర్ నీళ్ళు బంద్. రెండోది, కాపర్ టెస్ట్ కిట్. తెప్పించుకున్నాడు. సున్నా రావాలి, రాలేదు. మూడోది, రాగిని పీల్చే ఫిల్టర్ మీడియా, దాంతోపాటు యాక్టివేటెడ్ కార్బన్. నాలుగోది, సరైన నీళ్ళతో రోజుకు పది పదిహేను శాతం చొప్పున వారం పాటు వాటర్ చేంజ్. కొత్త నీళ్ళ టెంపరేచర్, ఉప్పు పాత నీళ్ళతో సమానంగా ఉండాలి. సగం నీళ్ళు ఒక్కసారే మార్చకు అని గట్టిగా చెప్పిన, ఎందుకంటే ఒక విషం తీయబోయి ఇంకో షాక్ ఇచ్చినట్టు అయితది. ఐదోది, లైట్ సగానికి తగ్గించడం. ఆల్గే పోయిన ఎనిమోన్‌కి ఎక్కువ లైట్ పెడితే తొందరగా రంగు వస్తదని అనుకుంటారు. నీడ పోయిన ఒంటికి మధ్యాహ్నం ఎండ అది. తగ్గించి, కుదురుకున్నాక వారానికి కొంచెం కొంచెం పెంచాలి.

తిండి. ఆల్గే లేవు కాబట్టి చేతితో పెట్టాలి, నిజమే. కానీ ఎంత? చిటికెన వేలి గోరులో సగం. రొయ్యను ఉప్పు, పసుపు ఏమీ లేకుండా ఆర్‌ఓ నీళ్ళలో కడిగి, సన్నగా తరిగి, పంపు ఆపి, మెల్లగా టెంటకిల్స్ మీద వదలాలి. అవి పట్టుకుంటే పట్టుకుంటాయి. నోట్లోకి పట్టకారుతో తోయొద్దు. పట్టుకోకపోయినా, మరుసటి రోజు ఉమ్మేసినా ఆ ముక్క తీసేయాలి. అరగని తిండి లోపల కుళ్ళితే జబ్బు రెండింతలు. తీసుకుంటే వారానికి రెండు మూడు సార్లు చాలు. క్లౌన్ చేపలు ఆ ముక్క గుంజుకుపోతే, తినేవరకు పైన ఒక ప్లాస్టిక్ బాటిల్ సగం కోసి బోర్లించొచ్చు. నీరసంగా ఉన్న ఎనిమోన్‌ని ఈ నీమోలే పొడిచి పొడిచి ఇబ్బంది పెడతాయి కూడా. అట్లయితే కొన్నాళ్ళు చేపల్ని వేరే పెట్టడమే మంచిది.

చోటు. ఎనిమోన్‌కి కాలు ఉంటది, నడుస్తది. నచ్చకపోతే లేచి వేరే రాయి మీదికి పోతది. అది నడుస్తుంటే మీరు తెచ్చి మళ్ళీ మధ్యలో పెట్టకండి. మీకు కనపడకుండా వెనక దాక్కుంటే దాక్కోనీయండి. మీరు చేయాల్సింది ఒక్కటే, వేవ్ పంపుకి స్పాంజ్ గానీ, మెష్ గానీ కట్టడం. నడుచుకుంటూ పోయి పంపులో పడి ముక్కలైన ఎనిమోన్‌లు లెక్కలేనన్ని. అట్లా అయితే నీళ్ళన్నీ పాడై చేపలు కూడా పోతాయి.

మరి అది బతికి ఉందా, పోయిందా ఎట్లా తెలుసుకోవాలి? ముడుచుకుంటే పోయినట్టు కాదు. లోపలి పాత నీళ్ళు వదిలి కొత్త నీళ్ళు నింపుకోవడానికి ఆరోగ్యమైనది కూడా అప్పుడప్పుడు గుప్పెడంత అయిపోతది, కొన్ని గంటల్లో మళ్ళీ విచ్చుకుంటది. కంగారు పడాల్సింది రోజూ పలుమార్లు ముడుచుకుంటూ, విచ్చుకుంటూ, నోరు వదులుగా తెరుచుకొనే ఉంటే. కాలు రాయికి అంటుకోకుండా దొర్లుతుంటే. గ్లవ్స్ వేసుకొని టెంటకిల్‌ని తాకితే ఏమాత్రం అంటుకోకపోతే. ఇక ఒళ్ళు జిగురుగా కరిగిపోతూ, తీసి వాసన చూస్తే కుళ్ళు కంపు కొడితే అది అయిపోయింది. ఆ కంపు ఎవరూ చెప్పక్కర్లేదు, మీకే తెలుస్తది. అప్పుడు ఇంకో రాత్రి చూద్దాం అనుకోవద్దు. వెంటనే తీసేసి, అమ్మోనియా చూసి, నీళ్ళు మార్చాలి. ఒక పెద్ద ఎనిమోన్ చిన్న ట్యాంక్‌లో కుళ్ళితే తెల్లారేసరికి అన్నీ పోతాయి.

యాంటీబయాటిక్ గురించి కూడా అడుగుతున్నారు. సిప్రోఫ్లోక్సాసిన్‌తో ఎనిమోన్‌లకు ట్రీట్‌మెంట్ చేసే అనుభవజ్ఞులు ఉన్నారు, నిజమే. అది బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్‌కి, వేరే చిన్న ట్యాంక్‌లో, రోజూ మొత్తం నీళ్ళు మార్చి, రోజూ మోతాదు వేసి చేసేది. మెయిన్ ట్యాంక్‌లో వేస్తే రాళ్ళలో ఉండి అమ్మోనియాను తినే మంచి బ్యాక్టీరియా దెబ్బతింటది. రాగితో నీరసించిన ఎనిమోన్‌కి అది దేనికీ పనికిరాదు. మెడికల్ షాప్‌కి పోయి గోలీలు తెచ్చి నలిపి వేయడం మాత్రం చేయకండి.

తమ్ముడి ఎనిమోన్ ఏమైంది? ఐదో రోజు దాకా ఏ మార్పూ లేదు, రోజూ ఫొటో పంపేవాడు, ఒకే ఫొటో మళ్ళీ మళ్ళీ పంపుతున్నాడేమో అనిపించేది. తొమ్మిదో రోజు కాలు రాయి పగులులోకి పెట్టుకుంది. ఇది చాలా మంచి గుర్తు. పదహారో రోజు రొయ్య ముక్క పట్టుకుంది, ఉమ్మలేదు. ఐదో వారంలో టెంటకిల్స్ మొదట్లో లేతగా, టీ మరకంత గోధుమ రంగు. నోరు మూసుకుంది. ఇంకా సగం తెల్లగానే ఉంది. రంగు పూర్తిగా రావడానికి నెలలు పడతది, కాబట్టి బయటపడిందని నేను ఇప్పుడే చెప్పను. వాళ్ళ నాన్న మాత్రం పారేయమనడం ఆపేసి, "ఇవాళ తిన్నదా?" అని అడుగుతున్నాడంట.

ఎనిమోన్ ఎంతకాలం బతుకుతది అని అడిగేవాళ్ళకు ఒక నిజమైన కథ చెప్తా. స్కాట్లాండ్‌లో సర్ జాన్ డాలియెల్ అనే ప్రకృతి శాస్త్రవేత్త 1828లో నార్త్ బెర్విక్ అనే ఊరి సముద్రం ఒడ్డున ఒక ఎనిమోన్‌ని తీసుకొచ్చి గాజు జాడీలో పెట్టాడు. కరెంట్ లేదు, పంపు లేదు, ఎల్‌ఈడీ లేదు. సముద్రపు నీళ్ళు మారుస్తూ ఉండేవాళ్ళు, అప్పుడప్పుడు చిన్న ఆల్చిప్ప మాంసం పెట్టేవాళ్ళు. 1851లో డాలియెల్ చనిపోయాడు. ఎనిమోన్ చనిపోలేదు. ఒకరి తర్వాత ఒకరు దాన్ని చూసుకున్నారు, చివరికి ఎడిన్‌బరా బొటానిక్ గార్డెన్‌కి చేరింది. 'గ్రానీ' అని పేరు పెట్టారు, అంటే నానమ్మ. 1887లో పోయింది. జాడీలోనే 59 ఏళ్ళు. వందల పిల్లల్ని కూడా పెట్టింది.

అది చలి సముద్రపు జాతి, దాని ఒంట్లో ఆల్గే ఉండవు, లైట్ అక్కర్లేదు. మన బబుల్ టిప్‌తో అన్నీ పోల్చలేం. కానీ ఆ కథ విన్నాక, ఆరు నెలల్లో పోయిన ఎనిమోన్‌ని "దాని ఆయుష్షు అంతే" అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

చివరగా కొనడం గురించి. మూడు నెలల ట్యాంక్‌లో ఎనిమోన్ వద్దు. రాగి లేకపోయినా వద్దు. ట్యాంక్ నిలదొక్కుకోవడానికి కనీసం ఆరు నెలలు, నన్నడిగితే ఏడాది. నీమో కోసమే ఎనిమోన్ కావాలి అనుకుంటే అసలే వద్దు. సముద్రంలో క్లౌన్ చేపకు ఎనిమోన్ లేకపోతే వేరే చేపలు తినేస్తాయి, ట్యాంక్‌లో దాన్ని తినేవాళ్ళు లేరు. హేచరీలో పుట్టిన క్లౌన్ చేపలు ఎనిమోన్ ముఖం చూడకుండానే పెరుగుతాయి. మన దేశంలో తమిళనాడులోని మండపంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్ళు క్లౌన్ చేపలను గుడ్ల నుంచి పెంచే టెక్నాలజీ తయారు చేశారు కూడా. చేపలు కొంటే హేచరీవే అడగండి. ఎనిమోన్ కొంటే, బబుల్ టిప్ ట్యాంక్‌లోనే రెండుగా చీలి ఇంకోటి అయితది, అట్లా ఎవరి ట్యాంక్‌లోనైనా చీలిన పిల్లను తీసుకోండి. అది అప్పటికే గాజు పెట్టె బతుకుకు అలవాటు పడి ఉంటది. తీసుకునే ముందు నోరు మూసుకొని ఉందా, కాలు చిరగలేదా, మీ ముందు తిన్నదా, ఈ మూడూ చూడండి.

ఒడ్డున రాళ్ళలో దొరుకుతాయి కదా, వైజాగ్ పోయినప్పుడు తెచ్చుకోనా అని కూడా ఒకరు అడిగారు. అక్కడి రాతి మడుగుల్లో ఎనిమోన్‌లు ఉంటాయి, అలలు వెనక్కి పోయినప్పుడు పోయి చూడండి, ఫొటోలు తీయండి, అక్కడే వదిలేయండి. రాయి మీద నుంచి గీకితే కాలు చిరుగుతది, ధారూర్ దాకా రాదు. ఇక రాతి పగడాలు, సీ ఫ్యాన్‌లు, సముద్ర గుర్రాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి, పులి ఉన్న లిస్టు అది. మన సముద్రాల్లోంచి తీసిన పగడం ఎవరైనా మెసేజ్‌లో రేటు చెప్పి అమ్ముతుంటే దూరం ఉండండి. ట్యాంక్‌లో రాళ్ళు కావాలంటే సిరామిక్‌వి, ఫ్యాక్టరీలో చేసినవి దొరుకుతాయి, బ్యాక్టీరియాకు అవి సరిపోతాయి.

మీ ఇంటి ఆర్‌ఓ మీద కాపర్ అని ఉందో లేదో ఇవాళే చూడండి, టీడీఎస్ ఎంత వచ్చిందో రాసి పంపండి. వికారాబాద్, తాండూర్, పరిగి వైపు వాళ్ళయితే ఊరి పేరు కూడా రాయండి, ఏ ఊళ్ళో బోరు ఎట్లా ఉందో ఒక లిస్ట్ చేద్దాం. వచ్చే ఎపిసోడ్‌లో మెంబ్రేన్ దగ్గర ఆ టీ జాయింట్ ఎట్లా వేయాలో పైపులు పెట్టి చూపిస్తా. ఉంటా మరి.